మత్తు సరే... ఊపిరి చూసేదెవరు?

మా మేనల్లుడికి అయిదేళ్లు. పైన రెండు, కింద రెండు పాలపళ్లు పుచ్చిపోయాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన రాత్రుల పుణ్యం అది. అక్క వాణ్ని ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. కుర్చీ చూడగానే వాడు రాగం ఎత్తుకున్నాడు. డాక్టరుగారు వాడి వంకా మా వంకా చూసి, "ఏం పర్లేదమ్మా, కొంచెం మత్తు సిరప్ తాగించి పడుకోబెట్టేద్దాం. గంటలో నాలుగూ అయిపోతాయి" అన్నారు. అక్క మొహం విప్పారింది.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది. "వాడు నిద్రపోయాక మీరు పళ్లు చూస్తుంటారు కదా సార్, మరి వాణ్ని ఎవరు చూస్తుంటారు?"

"మా అమ్మాయి ఉంటుందిగా" అని ఆయన నవ్వుతూ చెయ్యి చూపించారు. ఆ వైపు రిసెప్షన్ బల్ల దగ్గర ఓ అమ్మాయి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని అపాయింట్‌మెంట్లు రాసుకుంటోంది.

ఆ రోజు సిరప్ తాగించకుండానే వచ్చేశాం. దారిపొడవునా అక్క నా మీద చిర్రుబుర్రులాడింది. పళ్లనొప్పితో పిల్లాడు రాత్రంతా ఏడుస్తుంటే వాడితో మేలుకునేది ఆవిడే గదా మరి.

పన్ను పీకించుకోవడానికి, రూట్ కెనాల్‌కి, ఇంప్లాంట్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది నొప్పి కంటే భయాన్నే ఎక్కువ మోసుకెళ్తారు. ఆ భయానికి మందు ఉంది. సరైన చేతుల్లో పడితే అది మంచి మందే. పంటి కుర్చీ దరిదాపులకు కూడా పోలేని ఎందరో దానివల్లే నోరు బాగుచేయించుకుంటున్నారు. కానీ ఆ మందు గురించి మనం వేసే ప్రశ్న ఒక్కటే, "నొప్పి తెలుస్తుందా?" అని. అడగాల్సింది మరొకటి ఉంది.

ఏ మత్తు?

"మత్తు ఇస్తారా?" అని అడుగుతాం. "ఇస్తాం" అంటారు డాక్టరు. ఇద్దరి మనసులో ఉన్నదీ ఒకటేనన్న నమ్మకం లేదు. చిగురులో పొడిచే చిన్న సూదినీ మత్తు ఇంజెక్షనే అంటాం. ముక్కుకి తగిలించే గ్యాసూ మత్తే. పిల్లలకి తాగించే సిరప్పూ, చేతి నరంలోకి ఎక్కించే మందూ, ఆపరేషన్ థియేటర్లో ఒళ్లు తెలియకుండా చేసేదీ అన్నీ మత్తే. తేడా చెప్పడానికి భాషలో మాటలు కరువా అంటే, బోలెడున్నాయి. తిమ్మిరి వేరు, మగత వేరు, మైకం వేరు, స్పృహ తప్పడం వేరు. జ్వరంతో పడుకున్న పిల్లాణ్ని చూసి మా అమ్మమ్మ "మగతగా ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు" అని ఒకసారి, "మైకం కమ్మింది, తట్టినా లేవట్లేదు" అని ఒకసారి అనేది. మొదటిదానికి కషాయం కాచేది. రెండోదానికి బండి కట్టించేది. మత్తు వైద్యుల పుస్తకాలు కూడా దాదాపుగా ఇదే తేడా మీద నడుస్తాయి.

ముందు తిమ్మిరి సంగతి. పన్ను పక్కన వేసే సూదిలో ఉండేది ఎక్కువగా లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో తయారైన ఈ మందు ఆ చుట్టుపక్కల నరాల కబుర్లను మెదడుకి చేరకుండా ఆపుతుంది, అంతే. మెదడు మేలుకునే ఉంటుంది. రక్తం తగ్గడానికీ, తిమ్మిరి ఎక్కువసేపు నిలవడానికీ అందులో కాస్త అడ్రినలిన్ కలుపుతారు. సూది వేసిన నిమిషంలో గుండె దడదడలాడేది చాలామందిలో దానివల్లే. "పోయినసారి దడ వచ్చింది డాక్టరుగారూ, నాకు మత్తు పడదు" అని జీవితాంతం చెప్పుకుని తిరిగేవాళ్లున్నారు. లిగ్నోకైన్‌కి నిజమైన ఎలర్జీ చాలా అరుదు. కాబట్టి "పడదు" అనే ఒక్క మాటతో ఆపకుండా, అప్పుడు దడ వచ్చిందా, కళ్లు తిరిగాయా, ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, ఊపిరి ఆడలేదా అన్నది విడమరచి చెబితే డాక్టరుకి దారి తెలుస్తుంది.

అలాగని ఈ సూదికి లెక్క లేదనుకోకూడదు. పిల్లల్లో కిలో బరువుకి 4.4 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. 15 కిలోల పిల్లాడికి అది 66 మిల్లీగ్రాములు. మామూలుగా వాడే 2 శాతం మందు మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములుంటాయి. అంటే మూడు మిల్లీలీటర్ల పైచిలుకుతో హద్దు వచ్చేస్తుంది. నాలుగు మూలలా నాలుగు పళ్లు ఒకే పూటలో చేసేయాలంటే ఆ హద్దు ఎంత దగ్గరో చూడండి. పైగా మగత మందూ తిమ్మిరి మందూ ఒకదానికొకటి బలం పోసుకుంటాయి. అందుకే పళ్ల డాక్టరు దగ్గర పిల్లాడి బరువు తూచే మిషన్ కనబడకపోతే, "ఎంత బరువున్నాడు?" అన్న ప్రశ్న వినబడకపోతే, నేనైతే ఆలోచిస్తాను.

ఇక మగత. ఇది నొప్పిని తీసేది కాదు, భయాన్ని తీసేది. మగతలో ఉన్నా తిమ్మిరి సూది వేయాల్సిందే. ఈ ముక్క ముందే తెలియక, మధ్యలో సూది పోటు తగిలి మోసపోయామనుకునేవాళ్లు ఉంటారు. మగత తేలిగ్గా ఉంటే మనిషి కబుర్లు చెబుతూనే ఉంటాడు. ఇంకాస్త దిగితే కళ్లు మూసుకుంటాడు గానీ పిలిస్తే, భుజం తడితే పలుకుతాడు. "నోరు తెరవండి" అంటే తెరుస్తాడు. ఆ కింద మైకం. అక్కడ గిల్లితే గానీ చలనం ఉండదు, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. ఆ కిందిది పూర్తిగా స్పృహ లేని స్థితి, జనరల్ అనస్థీషియా.

ఇవి మెట్లే, అయితే పాచిపట్టిన దిగుడుబావి మెట్లు. అదే మందు, అదే మోతాదు పుచ్చుకుని ఒకరు రెండో మెట్టు మీద ఆగుతారు, ఇంకొకరు మూడో మెట్టుకి జారతారు. ముందే చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. అందుకే మత్తు వైద్యంలో ఒక నియమం పెట్టుకున్నారు: ఏ మెట్టు దాకా దించాలనుకున్నారో, దానికింకో మెట్టు కింద పడ్డ మనిషిని పైకి లాగగల నేర్పు మత్తు ఇచ్చేవారికి ఉండాలి. మగత ఇచ్చేవారికి మైకంలోకి జారిన మనిషిని కాపాడటం తెలియాలి. అది తెలియని చోట ఆ మగత కూడా వద్దు.

ఒకే వాకిలి

మోకాలికి ఆపరేషన్ చేసే డాక్టరు మోకాలి దగ్గర ఉంటాడు, మత్తు డాక్టరు తల దగ్గర ఉంటాడు. ఎవరి చోటు వారిది. పళ్ల దగ్గరికొచ్చేసరికి పని జరిగే చోటూ, ఊపిరి పోయే దారీ ఒకటే వాకిలి. అందులోనే నీళ్లు చిమ్ముతాయి, రక్తం ఊరుతుంది, దూది ఉంటుంది, పన్ను ముక్క జారుతుంది. మేలుకుని ఉంటే గొంతులో నలుసు పడగానే దగ్గు తన్నుకొస్తుంది. మైకంలో ఆ దగ్గు మొద్దుబారుతుంది. దవడ కండరాలు వదులై నాలుక వెనక్కి వాలుతుంది. మెదడులో ఊపిరిని నడిపే కేంద్రం కూడా మందు ప్రభావానికి మందగిస్తుంది. పళ్ల చికిత్సలో మత్తు వికటించిన చోట చాలాసార్లు కథ ఇక్కడే మొదలవుతుంది. ముందు ఊపిరి తగ్గుతుంది, తర్వాత రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆఖర్న గుండె. పిల్లల్లో ఈ మూడింటి మధ్య దూరం మరీ తక్కువ. వాళ్ల ఊపిరి దారి సన్నం, ఒంట్లో దాచుకున్న ఆక్సిజన్ కొద్దిగా.

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ పుణ్యమా అని ఇంటింటికీ తెలిసిపోయింది. మత్తు ఇచ్చేటప్పుడు అది తప్పనిసరి. వేలి గోళ్లకు రంగు ఉంటే దానికి లెక్క తప్పొచ్చు కాబట్టి చికిత్స నాడు తుడిచేసుకుని వెళ్లడం మంచిది. కానీ ఆ పరికరం కబురు ఆలస్యంగా చెప్పే రకం. ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు, ఊపిరి ఆగిన తర్వాత కూడా కాసేపు 98, 97 అనే చూపిస్తుంది. అది పడిపోవడం మొదలయ్యేసరికి విలువైన సమయం గడిచిపోయి ఉంటుంది. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని ప్రతి శ్వాసకీ కొలిచే కాప్నోగ్రాఫ్ అలా కాదు, ఊపిరి ఆగిన క్షణంలోనే గీత చదునైపోతుంది. మత్తు కాస్త లోతుగా ఇచ్చే చోట అది ఉందా అని అడగడంలో తప్పులేదు. ఏ పరికరమూ లేకపోయినా, రొమ్ము లేస్తోందా, గాలి వస్తోందా అని కన్నార్పకుండా చూసే మనిషి మాత్రం ఉండి తీరాలి. ఆ మనిషికి ఆ కాసేపు ఇంకో పని ఉండకూడదు.

హార్ట్‌ఫర్డ్ నుంచి హైదరాబాద్ దాకా

వైద్యంలోకి మత్తు వచ్చిందే పళ్ల డాక్టర్ల వల్ల. 1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్లో నవ్వుల గ్యాసు ప్రదర్శన జరిగింది. టికెట్టు కొనుక్కుని జనం చూసే వినోదం అది. గ్యాసు పీల్చి గంతులేసిన ఒకతనికి కాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా నొప్పి తెలియలేదు. ప్రేక్షకుల్లో ఉన్న హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు అది గమనించాడు. మర్నాడే ఆ గ్యాసు తానే పీల్చి, తోటి పళ్ల డాక్టరు చేత తన జ్ఞానదంతం పీకించుకున్నాడు. మరుసటి నెలలో బోస్టన్ వెళ్లి పెద్ద డాక్టర్ల ముందు చేసి చూపబోయాడు. గ్యాసు చాలక రోగి అరిచాడు, జనం వెల్స్‌ని వెక్కిరించి పంపారు. తర్వాత అదే బోస్టన్‌లో, 1846 అక్టోబరు 16న, మోర్టన్ అనే మరో పళ్ల డాక్టరు ఈథర్‌తో గెలిచాడు. వెల్స్ క్లోరోఫారం ప్రయోగాలు తనమీదే చేసుకుని మతి చెడి, 1848లో న్యూయార్క్ జైల్లో చనిపోయాడు.

ఆ క్లోరోఫారమే ఈ కథని మన ఊరికి తీసుకొచ్చింది. దాంతో మనుషులు ఉన్నట్టుండి చనిపోతుంటే, ముందు ఆగేది గుండెనా ఊపిరా అని ఐరోపా వైద్యులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ముందు ఊపిరే ఆగుతుందని పట్టుబట్టాడు. 1888లో ఒక కమిషన్, 1889లో ఇంకొకటి ఇక్కడే కూర్చున్నాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పెట్టుకున్నాడు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులను మత్తులో ముంచి పరీక్షించాక లారీ మాటే నెగ్గింది: నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి. ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువుకుని క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు.

క్లోరోఫారం గుండెనీ హఠాత్తుగా ఆపగలదని తర్వాత రుజువైంది కాబట్టి, లారీ గెలుపు సగమే. క్లోరోఫారం కూడా పోయింది. అయినా ఈనాటి సిరప్పులకీ, నరంలోకి ఎక్కించే మందులకీ హైదరాబాద్ మాట చక్కగా అతుకుతుంది. నిజాం డబ్బు పోసి కొన్న ఆ ముక్క, 130 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో రిసెప్షన్ బల్ల దాకా చేరలేదంటే ఏమనాలి?

ఇంకో తెలుగు సంగతి. మత్తుకి ముందు డాక్టరు మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టి, నోరు బార్లా తెరిచి నాలుక బయట పెట్టమంటే, అది పళ్ల కోసం కాదు. కొండనాలుక, గొంతు వెనక భాగం ఎంత కనబడుతున్నాయో చూసి, అవసరమైతే ఊపిరి గొట్టం వేయడం తేలికా కష్టమా అని అంచనా కడుతున్నారు. ప్రపంచమంతా దీన్ని మల్లంపాటి స్కోరు అంటుంది. గుంటూరు జిల్లాలో పుట్టి, బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో ఇచ్చిన కొలత అది. పది సెకన్ల పని, పైసా ఖర్చు లేదు. మత్తు ఇస్తామన్నవారు మీ గొంతులోకి ఇలా ఒక్కసారైనా చూశారా?

గ్యాసు, సిరప్, సూది

వెల్స్ పీల్చిన నైట్రస్ ఆక్సైడే ఇవాళ్టికీ పళ్ల దగ్గర వాడే మత్తుల్లో అన్నిటికంటే నమ్మకమైంది. అప్పట్లో ఒట్టి గ్యాసు పట్టేవారు. ఇప్పటి యంత్రాలు కనీసం 30 శాతం ఆక్సిజన్ కలవకుండా గ్యాసు వదలవు. ముక్కుకి మాస్కు పెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు, పని అయ్యాక కొన్ని నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇస్తారు, ఇట్టే తేరుకుంటారు. ముక్కు దిబ్బడ ఉంటే మాత్రం పనిచేయదు. గర్భం తొలి మూడు నెలల్లో, ఈమధ్య కంటి లోపల గ్యాసు నింపే ఆపరేషన్ అయినవాళ్లకి వద్దు. ఈ గ్యాసు ఒంట్లోని బి12 విటమిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. మామూలు మనిషికి అరగంటతో ఏమీ కాదు గానీ, శాకాహారులై బి12 లోపంతో కాళ్లు తిమ్మిరెక్కుతున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

సిరప్పుతో చిక్కు వేరు. మిడజోలామ్ లాంటివి నోటి ద్వారా ఇస్తే ఎక్కడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. పిల్లాడు సగం ఉమ్మేస్తాడు. ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. ఇంకా నిద్ర రాలేదని మళ్లీ పోస్తే, రెండు మోతాదులూ ఒకేసారి పైకి రావచ్చు. మింగిన మందుని వెనక్కి లాగలేం. ఇంట్లోనే తాగించి తీసుకురమ్మంటే ఒప్పుకోవద్దు. దారిలో ఊపిరి తగ్గితే ఆటోలో చేసేదేముంది? "కాస్త మగతగా ఉంటే మొరాయించడు" అని జలుబు సిరప్ పట్టి తీసుకెళ్లే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. డాక్టరుకి తెలియని మందు ఒకటి అప్పటికే ఒంట్లో ఉందన్నమాట.

నరంలోకి ఎక్కించే మందుని చుక్కచుక్కగా, మనిషిని చూస్తూ ఇవ్వొచ్చు. అదే దాని సుగుణం. మిడజోలామ్‌కి విరుగుడు ఉంది, ఫ్లూమజెనిల్. ఫెంటనిల్ లాంటివాటికి నలోక్సోన్. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్‌కి విరుగుడే లేదు, రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి క్షణాల్లో జార్చగలదు. అది మత్తు డాక్టరు చేతిలో మాత్రమే ఉండాల్సిన మందు. మిడజోలామ్‌కి ఇంకో గుణం, జ్ఞాపకాన్ని చెరిపేయడం. లోపల అడిగినవాటికల్లా జవాబిచ్చిన మనిషి బయటికొచ్చి "నాకేం తెలీదు" అంటాడు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలూ అలాగే చెరిగిపోతాయి. అవి కాగితం మీద రాయించుకోండి, తోడు వచ్చినవారికీ చెప్పించండి.

మత్తు ఇచ్చేదీ, పన్ను తీసేదీ ఒకే మనిషి కావడం దగ్గరే లోకమంతా తగవు పడింది. బ్రిటన్‌లో ఒకప్పుడు పళ్ల క్లినిక్ కుర్చీలోనే పూర్తి స్పృహ తప్పించి పళ్లు పీకేవారు. మరణాల తర్వాత, 2001తో దానికి స్వస్తి చెప్పి, జనరల్ అనస్థీషియాని ఆసుపత్రులకే పరిమితం చేశారు. కాలిఫోర్నియాలో 2015లో పన్ను తీయించుకోబోయిన ఆరేళ్ల పిల్లాడు మత్తులో చనిపోయాడు. శస్త్రచికిత్స చేసినవారే మత్తూ చూసుకునే పద్ధతి మీద పెద్ద చర్చ లేచి, మరుసటి ఏడాది ఆ పిల్లాడి పేరు మీదే చట్టం వచ్చింది.

గురక, గుట్కా, కల్లు

డాక్టరుకి మనం చెప్పేవాటిలో బీపీ, షుగర్ ఉంటాయి. చెప్పనివాటిలోనే అసలు ముప్పు ఉంటుంది.

గురక ఒక రోగమా అనుకుంటాం. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే మనిషికి, మత్తులోనూ ఊపిరి దారి అలాగే మూసుకుంటుంది, లేపే ఉలికిపాటు మాత్రం ఉండదు. ఈ విషయం రోగికి తెలియదు, పక్కన పడుకునేవాళ్లకి తెలుసు. వాళ్లని వెంట తీసుకెళ్లండి. టాన్సిల్స్ వాచి, నోరు తెరుచుకుని పడుకునే పిల్లలదీ ఇదే కథ.

గుట్కా, ఖైనీ నమిలి నమిలి దవడ బిగుసుకుపోయినవాళ్లకి నోట్లోకి రెండు వేళ్లు పట్టడం కష్టం. అలాంటి నోట్లో అత్యవసరంగా ఊపిరి గొట్టం వేయాలంటే మత్తు డాక్టరుకీ చెమటలు పడతాయి.

కల్లు సంగతి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ పట్టుబడటం కొత్త కాదు. మిడజోలామ్ ఈ డైజీపామ్‌కి స్వయానా దాయాది. పిల్లల మత్తు సిరప్పుల్లో ఒకటైన ట్రైక్లోఫాస్, క్లోరల్ హైడ్రేట్‌కి చుట్టం. రోజూ సాయంత్రం సీసా తాగే మనిషి ఒంటికి ఈ మందులు ముందే అలవాటు. మామూలు మోతాదు ఎక్కదు, పెంచితే ఎక్కడ ఆగుతుందో తెలియదు. పన్ను పీకారు గదా అని రెండ్రోజులు కల్లు మానేస్తే చేతులు వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్. అది మత్తు వికటించడం వల్లేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అడిగే డాక్టరు మర్యాదగా అడగాలి, చెప్పేవాళ్లు సిగ్గుపడకుండా చెప్పాలి. నిద్రమాత్రల అలవాటు కూడా ఇలాగే చెప్పాల్సిన సంగతి.

పెద్దవయసువాళ్లకి అదే మోతాదు ఎక్కువ పనిచేస్తుంది, ఒక్కోసారి మగతకి బదులు గాభరా, పలవరింత వస్తాయి. షుగర్ మాత్రల్లో, ఇన్సులిన్‌లో ఉపవాసం రోజున ఏది వేసుకోవాలో ఏది ఆపాలో ముందురోజే అడిగి పెట్టుకోవాలి. ఈమధ్య బరువు తగ్గడానికి వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. రాత్రి తిన్నది పొద్దున్నకీ కడుపులో ఉండొచ్చు. వేసుకుంటున్నవాళ్లు దాచొద్దు.

"టిఫిన్ చేయలేదు, కాఫీ తాగానంతే"

లోతైన మత్తుకి ఉపవాసం ఎందుకంటే, మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మామూలు లెక్క: మంచినీళ్ల లాంటి పలచటివి రెండు గంటల ముందు దాకా, తల్లిపాలు నాలుగు గంటలు, ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిను ఆరు గంటలు, నూనె, మాంసం, బిర్యానీ ఎనిమిది గంటలు. మనవాళ్లు తప్పేది కాఫీ, టీ దగ్గర. పాలు కలిసిన కాఫీ ద్రవం లెక్కలోకి రాదు, తిండి లెక్కలోకి వస్తుంది. గుక్కెడే కదా అని తాగి, అడిగితే "ఏం తినలేదు సార్" అంటారు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఒట్టి తిమ్మిరి సూదికైతే ఉపవాసమే అక్కర్లేదు. ఖాళీ కడుపుతో వెళ్తేనే కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే మళ్లీ మొదటి ప్రశ్న: ఏ మత్తు?

సంతకం కూడా మందు ఎక్కకముందే. పన్ను తీయడానికి ఒప్పుకుని మత్తులోకి వెళ్తే, డాక్టరు బయటికొచ్చి "పక్కపన్ను కూడా పాడైంది, తీసేయమంటారా?" అని భార్యనో కొడుకునో అడగడం మన దగ్గర మామూలు. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ప్రాణాపాయం లేనప్పుడు, మత్తులో ఉన్న రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని చెప్పింది. పెద్దవాళ్ల నోటికి యజమాని ఆ నోరున్న మనిషే. లోపల ఇంకేమైనా బయటపడితే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి.

అత్యవసరానికి ఏమున్నాయని అడిగితే "108 ఉందిగా" అనే జవాబు నేనే విన్నాను. ఆక్సిజన్ అందని మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. మన రోడ్ల మీద ఏ అంబులెన్సుకైనా అది చాలదు. ఆక్సిజన్ సిలిండరు, నోట్లోంచి రక్తం లాగే సక్షన్, ఊపిరి కొట్టే ఆంబూ బ్యాగు, విరుగుళ్లు గదిలోనే ఉండాలి, వాటిని వాడటం వచ్చిన మనిషీ ఉండాలి. బండి మీద తీసుకొచ్చినవాళ్లు మాత్రం బండి మీద తీసుకెళ్లకూడదు. మగతలో వెనక సీట్లో కూర్చున్నవాళ్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర జారిపోతారు. ఆ రోజంతా వాహనం నడపొద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు.

మేనల్లుడి నాలుగు పళ్లు

నెల తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పిల్లల పళ్లే చూసే ఆవిడ. పళ్లు చూడకముందే, "రాత్రిపూట నోరు తెరుచుకుని పడుకుంటాడా అమ్మా? గురక పెడతాడా?" అని అడిగారు. పెడతాడని అక్క ఒప్పుకుంది. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. ఆవిడ వాణ్ని ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ రెండూ వాచి ఉన్నాయని తేలింది.

"వీడికి గ్యాసు పనిచేయదు, ముక్కు మూసుకుపోయి ఉంది. సిరప్ ఇచ్చి ఈ కుర్చీలో పడుకోబెట్టే ధైర్యం నాకు లేదు" అన్నారావిడ. రెండు పళ్లకి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ రాశారు. సూదీ లేదు, మరా లేదు. పుచ్చు ఆగుతుంది, పన్ను నల్లబడుతుంది. పాలపళ్లే గదా, నవ్వితే కాస్త నల్లగా కనబడుతుంది, అంతే. మిగతా రెండు తీయక తప్పదు. అవి ఆసుపత్రి థియేటర్లో, మత్తు డాక్టరు ఊపిరి గొట్టం వేసి, పూర్తిగా స్పృహ తప్పించి చేద్దామన్నారు. అక్క బెదిరిపోయింది. "కొంచెం మత్తుకే వద్దన్నాం, ఇప్పుడు మొత్తం మత్తా?" అంది నాతో. నిజమే, వినడానికి తిరకాసుగానే ఉంటుంది. గొట్టం వేసి, ఊపిరి దారిని చేతిలో పెట్టుకుని, దాన్ని చూడటం తప్ప ఇంకో పనిలేని మనిషి పక్కనుండే ఆ నాలుగో మెట్టే, ఎవరూ కనిపెట్టని రెండో మెట్టు కంటే క్షేమం.

ఈఎన్‌టీ పనీ పళ్ల పనీ ఒకే మత్తులో చేశారు. మత్తు డాక్టరు ముందురోజు వచ్చి వాడి బరువు తూచి, గుండె విని, నోరు తెరవమని నాలుక చూశారు. వాడు ఆవిడకి నాలుక చాపి వెక్కిరించాడు. "అచ్చం అదే కావాలి నాన్నా" అన్నారావిడ.

మర్నాడు ఇంటికి కార్లో తెచ్చుకున్నాం. దారిలో వాడు అక్క ఒళ్లో నిద్రపోతే, గడ్డం ఛాతీ మీదికి వాలిపోకుండా ఆవిడ అరచేత్తో పట్టుకునే కూర్చుంది. తల అలా ముందుకి వాలితే పిల్లల ఊపిరి దారి మడతపడుతుందని నర్సమ్మ చెప్పి పంపింది. సాయంత్రం ఏడింటికి డాక్టరమ్మ ఫోన్ చేశారు. పళ్ల గురించి కాదు. "పడుకున్నాడా? ఊపిరి చప్పుడు ఎలా ఉంది?" అని. అక్క ఫోను పక్కన పెట్టి, టీవీ కట్టేయమని నాకు సైగ చేసి, వాడి ముక్కు దగ్గరికి చెవి వంచింది.